కోర్టు మార్షల్‌ను దగ్గరగా చూపించిన ఆరు వారాల కోర్సు

సైన్యం నుంచి డిస్మిస్ అయిన ఒక జవాను నిరుడు తన కాగితాల కట్టతో నా దగ్గరకు వచ్చినప్పుడు, ఇరవై ఏళ్లుగా సివిల్, క్రిమినల్ కోర్టుల్లో వకాల్తాలు వేస్తున్న నాకు అందులో సగం అర్థం కాలేదు. అభియోగం నాలుగు వరుసలు, దోషి అన్న నిర్ణయం ఒక్క వాక్యం, ఆపైన శిక్ష. కారణాలు మాత్రం ఎక్కడా లేవు. ఆ ఇబ్బందితోనే, సైనికుల నేరాలను సైనిక అధికారులే విచారించే కోర్టు మార్షల్ గురించి, సైనిక న్యాయ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక అధికారి ఆన్‌లైన్‌లో చెబుతున్న ఆరు వారాల కోర్సులో చేరాను.

సాయుధ దళాల్లో ఉన్నవారికి ప్రాథమిక హక్కులు ఎంత మేరకు వర్తించాలో నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చిన రాజ్యాంగం 33వ అధికరణంతో పాఠం మొదలై, 1950 నాటి ఆర్మీ చట్టంలోని నాలుగు రకాల కోర్టు మార్షళ్లకు వచ్చింది. జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులు, వారికి చట్టం విషయంలో సలహా ఇచ్చే జడ్జ్ అడ్వొకేట్ ఉండాలి. డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్‌కు ముగ్గురు చాలు, అది రెండేళ్లకు మించి జైలు వేయలేదు. పుస్తకంలో చదువుకోగలిగిన ఈ సంగతులను ఆయన అరగంటలో ముగించడం నాకు నచ్చింది.

ఆయన తీరికగా చెప్పింది సమ్మరీ కోర్టు మార్షల్ గురించి, కోర్సుకు ప్రాణం కూడా అదే. అక్కడ యూనిట్ అధిపతి అయిన కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే కోర్టు. పక్కన ఇద్దరు అధికారులో జేసీవోలో (అధికారులకు కింద, జవాన్లకు పైన ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) కూర్చుంటారు గానీ వారికి ప్రమాణమూ లేదు, ఓటూ లేదు. ముద్దాయి తనకు సాయంగా ఒకరిని తెచ్చుకోవచ్చు, కానీ ఆ మనిషి సాక్షులను ప్రశ్నించకూడదు, కోర్టుతో మాట్లాడకూడదు. లెఫ్టినెంట్ కల్నల్, ఆపై హోదా ఉన్న అధికారి ఇలా ఏడాది వరకు జైలు వేయవచ్చు. పై అధికారి ధ్రువీకరణతో పని లేకుండానే అది అమలవుతుంది. కోర్టు మార్షల్ తన నిర్ణయానికి కారణాలు రాయనక్కరలేదని 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందని విన్నాక గానీ నా క్లయింటు కాగితాలు అలా ఎందుకున్నాయో బోధపడలేదు.

సమ్మరీ కోర్టు మార్షల్‌కు ఆయన ఎంచుకున్న ఉదాహరణ రంజిత్ ఠాకూర్ కేసు. తన కమాండింగ్ ఆఫీసర్‌పై నేరుగా పైవారికి ఫిర్యాదు పంపినందుకు ఆ సిగ్నల్‌మన్‌కు (సిగ్నల్స్ విభాగం జవానుకు) 28 రోజుల కఠిన కారాగారం పడింది. ఆ శిక్ష అనుభవిస్తుండగా, 1985 మే నెలలో, భోజనం చేయమన్న ఆజ్ఞను ధిక్కరించాడని మళ్లీ విచారించి, ఏడాది జైలు వేసి, ఉద్యోగం నుంచి తీసేశారు. విచారించినది అతను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే. 1987లో సుప్రీంకోర్టు పక్షపాతానికి ఆస్కారం ఉందనీ, తప్పుకు శిక్ష ఏ మాత్రం పొంతన లేకుండా ఉందనీ అంటూ ఆ విచారణను కొట్టివేసింది. బోధకుడు తాను పనిచేసిన వ్యవస్థను వెనకేసుకురాకుండా ఈ కేసును వాక్యం వాక్యంగా విప్పి చెప్పారు.

నాలుగో వారం, పలువురు సభ్యులుండే కోర్టు మార్షల్‌కు నమూనా విచారణ జరిగింది. కల్నల్ వేషం కట్టిన సీనియర్ వకీలు ఒకరు అలవాటుగా ముందు తన అభిప్రాయం చెప్పబోతే బోధకుడు అడ్డుకుని, అందరికంటే చిన్న హోదా వాడిని మొదట అడిగించారు. పెద్దవాడు నోరు విప్పాక చిన్నవాడు ఎదురు చెప్పలేడు కనుకనే నియమం అలా పెట్టారట. ఓట్లు సమానమైతే ముద్దాయికే అనుకూలం, జనరల్ కోర్టు మార్షల్ మరణశిక్ష వేయాలంటే మూడింట రెండు వంతుల సభ్యుల అంగీకారం కావాలి. మన జిల్లా కోర్టుల్లో ఇలాంటి ఏర్పాటును ఊహించుకోలేం.

ఇక లోపాలు. విచారణ గది మీద చూపిన శ్రద్ధ ఆ తర్వాతి దారి మీద చూపలేదు. 2007 చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తున్న, కోర్టు మార్షల్ మీద అప్పీళ్లు వినే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు ఒక్క తరగతి, అదీ ఆఖరి రోజున, కేటాయించారు. అంతకంటే పెద్ద తప్పు నోట్సులో ఉంది. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లరాదన్న 2015 నాటి తీర్పు దగ్గరే ఆ పేజీ ఆగిపోయింది. 226వ అధికరణం కింద రిట్లు వినే హైకోర్టు అధికారం పోలేదని 2023లో పరషోత్తం దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట అందులో లేనే లేదు. ఆ నోట్సును నమ్ముకున్న వకీలు క్లయింటును తలుపు దగ్గరి నుంచే వెనక్కి పంపేస్తాడు. మెయిల్ రాస్తే వచ్చే బ్యాచ్‌కు సరిచేస్తామన్నారు, ఫీజు కట్టిన మాకు మాత్రం సవరించిన పేజీ ఇంతవరకు రాలేదు. నౌకాదళ, వైమానిక దళ చట్టాల ప్రస్తావన కూడా పేరుకే.

అయినా ఇలాంటి కేసు చేతికొచ్చిన వకీలుకు రెండు నుంచి నాలుగో వారం వరకు జరిగిన పాఠాల కోసమైనా ఇందులో చేరమనే చెబుతాను. రికార్డింగులు మూడు నెలలే అందుబాటులో ఉంటాయి కనుక సమ్మరీ కోర్టు మార్షల్ పాఠాన్ని మా జూనియర్‌కు రెండుసార్లు చూపించి, చేత్తో నోట్సు రాయించి పెట్టుకున్నాను.