గరుకు అక్షరాల పెట్టె: పై తరగతులు వదిలి ఎల్‌కేజీకి వచ్చే టీచరు కొనవచ్చా?

తిరుపతి గాంధీ రోడ్డు వైపు స్కూలు సామాన్ల షాపుల్లో తెలుగు గరుకు అక్షరాల పెట్టె అడగండి. అరచేతి కంటే కాస్త పెద్ద చెక్క పలకలు, ఒక్కో పలక మీద ఉప్పు కాగితంతో కత్తిరించి అంటించిన ఒక్కో అక్షరం, మొత్తం 56. ధర వెయ్యి దాటుతుంది. ఏళ్ల తరబడి ఆరో తరగతికో టెన్త్‌కో పాఠాలు చెప్పి, వచ్చే జూన్‌లో ఎల్‌కేజీ తీసుకోబోతున్న టీచరు సొంత డబ్బుతో కొనదగ్గ వస్తువు ఇది. కాకపోతే సెలవుల్లోనే కొనాలి. ఎందుకంటే ఈ అక్షరాలు ముందు టీచరు దిద్దాలి, తర్వాతే పిల్లలు.

పెద్ద తరగతుల్లో బోర్డు మీద వేగంగా రాసీ రాసీ చేతికి ఒక వాటం అలవాటవుతుంది. తలకట్టు అక్షరంతో కలిసిపోతుంది, కొన్నిసార్లు మాయమే అవుతుంది. మ, య ఒకేలా పడతాయి. పదో తరగతి పిల్లలు సందర్భాన్ని బట్టి చదువుకుంటారు. నాలుగేళ్ల పిల్లకు ఆ సందర్భం ఉండదు, టీచరు చేయి ఎటు తిరిగితే తన చేయీ అటే తిరుగుతుంది. అందుకే రోజుకు ఐదారు పలకలు తీసుకుని, చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, గీత మధ్యలో ఎత్తకుండా, నిదానంగా దిద్దాలి. అక్షరం ఒళ్లు ముందు, తలకట్టు చివర. జ, ట, ణ, బ, ల లాంటి వాటికి తలకట్టే లేదు, అలవాటుకొద్దీ తగిలించకూడదు. తర్వాత కళ్లు మూసుకుని దిద్దండి. వేలు పక్కకు జారిన ప్రతిచోటా మీ చేతి పాత వాటం బయటపడుతుంది.

ఈ పలకల వెనక ఉన్నది మరియా మాంటిస్సోరి పద్ధతి. రోమ్‌లో 1907లో తొలి పిల్లల ఇల్లు తెరిచిన ఆమె, 1939లో మనకు దగ్గరే ఉన్న మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతిలో అక్షరం పేరు కాకుండా దాని శబ్దం నేర్పుతారు. తెలుగులో ఇది సులువు: క పేరూ క-నే, పలికేదీ క-నే.

పాఠం మూడు మెట్లు. టీచరు దిద్ది చూపుతూ "ఇది ప" అంటారు, పిల్ల దిద్దుతూ అంటుంది. తర్వాత రెండు మూడు పలకలు ముందు పెట్టి "ప ఏది? ల మీద చెయ్యి పెట్టు" అని అడగాలి. చివరగా పలక చూపించి "ఇదేంటి?" అనాలి. పై తరగతుల నుంచి వచ్చిన టీచర్లు తడబడేది ఇక్కడే. ప్రశ్న అడిగి జవాబు రాబట్టడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి, రెండో మెట్టు దాటేసి నేరుగా మూడోదానికి వెళ్తారు. పిల్ల నోరు విప్పదు. రెండో మెట్టు మీదే ఎక్కువసేపు ఉండాలి. జవాబు తప్పైతే "కాదు" అనకుండా మళ్లీ మొదటి మెట్టుకు రావాలి. మొత్తం ఐదు నిమిషాలు మించకూడదు. ఎదురుగా కూర్చుంటే మీకు అక్షరం తలకిందులుగా కనిపిస్తుంది, పక్కనే చాప మీద కూర్చోండి. ఎడమచేతి వాటం పిల్లలు ఎడమ చేత్తోనే దిద్దాలి, కుడి చేయి పలకను పట్టుకోవాలి.

ఇక పెట్టెలో లోపాలు. కొన్నింటిలో ఉప్పు కాగితం 80 నంబరు గరుకుతో వస్తోంది (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ). రెండు మూడుసార్లు దిద్దేసరికి పిల్లల వేళ్లు మండుతాయి, ఆపైన గోటితో గీకుతారు. 120 నుంచి 150 ఉంటే చాలు. గీత వెడల్పు సెంటీమీటరుకు దగ్గరగా ఉండాలి, మరీ సన్నగా ఉంటే రెండు వేళ్లూ నిలవవు. ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తుండదు కాబట్టి మొదలయ్యే చోటు పక్కన, పలక మీద, ఆకుపచ్చ పెయింటుతో చుక్క పెట్టుకోండి. కింది అంచున ఒక గీత గీస్తే పలక తలకిందులు కాదు. ౠ, ఌ, ౡ, ఙ, ఞ, ఱ మొదటి ఏడాది అక్కర్లేదు, తీసి పక్కన పెట్టండి.

అసలు లోటు గుణింతపు గుర్తులు లేకపోవడం. క-కి గుడి పెడితే తలకట్టు పోతుంది, కొమ్ము పెడితే ఉంటుంది. తలకట్టుతో సహా అంటించిన పలక పక్కన గుడి పెట్టి "కి" చేయలేం. గుణింతం దాకా వచ్చాక అట్ట ముక్కలతో విడి అక్షరాలు మీరే కత్తిరించుకోవాలి. ఇంత ధర పెట్టి కొన్నాక ఇది సరైంది కాదు.

పెట్టెలో పలకలు అ నుంచి వరసగా ఉంటాయి. ఆ వరసలో నేర్పకండి. అ, ఆ పక్కపక్కనే, ఎ, ఏ, ఐ పక్కపక్కనే వస్తే చిన్న పిల్లలకు తేడా అందదు. ఆకారంలోనూ శబ్దంలోనూ దూరంగా ఉండేవి ముందు తీయండి: ప, ల, క. వాటితోనే పలక, కల, కలప వస్తాయి. త, డ చేరిస్తే తల, పడక, తడక, కడప. హల్లులన్నీ అయ్యేదాకా ఆగకుండా రెండో వారంలోనే పిల్ల పదం చదువుతుంది. ప, ఫ, ష, స ఒక గుంపు, వ, మ, య ఒక గుంపు, ద, డ, థ, ధ ఒక గుంపు. ఒక గుంపులోవి ఒకే రోజు తీయకూడదు.

చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు. తమిళ లిపిలో క, గ-లకు ఒకే అక్షరం, ప, బ-లకూ అంతే. ఈ పిల్లలకు గ, బ, ద విడిగా, గంప, బడి, దండ లాంటి మాటలతో, చెవికి బాగా పట్టాక తీయండి. వాళ్లు క, గ కలిపేస్తే అది నిర్లక్ష్యం అనుకోకండి.

డబ్బు పెట్టలేనివాళ్లు చేసుకోవచ్చు. పెయింట్ల షాపులో 150 నంబరు ఉప్పు కాగితం షీటు పాతిక ముప్పై రూపాయల్లో వస్తుంది. 9 అంగుళాలకు 11 అంగుళాల షీటులో ఆరు అక్షరాలు పడతాయి, వెడల్పైనవైతే నాలుగు. అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింటు తీసి, షీటు వెనక వైపు అంటించి, వెనక నుంచే కోయాలి. గరుకు వైపు నుంచి కోస్తే బ్లేడు క్షణాల్లో మొద్దుబారుతుంది, అంచులు రాలతాయి. అలంకారపు ఫాంట్లు వద్దు, చేతిరాతకు దగ్గరగా ఉండే సమాన వెడల్పు అక్షరాలు తీసుకోండి. అచ్చులకు నీలం అట్ట, హల్లులకు గులాబీ. ఫెవికాల్ పల్చగా రాసి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచాలి.

ఒక పెట్టె ఒకసారికి ముగ్గురు పిల్లలకే. ముప్పై మంది ఉన్న తరగతిలో మిగతావాళ్లకు స్టీలు పళ్లెంలో జల్లించిన సన్న ఇసుక పోసి వేలితో రాయించండి. రవ్వ పోస్తే చీమలు వస్తాయి. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో వేలితోనే కదా దిద్దించారని గుర్తుచేస్తే, నోటుబుక్కు నిండలేదని అడిగే తల్లిదండ్రులు కూడా ఒప్పుకుంటారు. ఈ మాట జూన్ నెల మీటింగులోనే చెప్పాలి.

పలకలను తడిగుడ్డతో తుడవకూడదు, పాత టూత్‌బ్రష్‌తో దులిపితే చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలకు జిగురు లేస్తుంది, కిటికీ దగ్గర పెట్టకండి. కొనేటప్పుడు షాపులోనే నాలుగైదు పలకల తలకట్టు అంచును గోటితో మెల్లగా లేపి చూడండి. ముందు ఊడేది అదే.