వంగిన హెడ్డు: ఫేసింగా, పాతదా, కొత్తదా?

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాటు ఎండాకాలంలో చాలా కార్ల బండారం బయటపెడుతుంది. వేడి ముల్లు ఎర్రగీత దాటినా బండి ఆపకుండా ఎక్కించేస్తే, ఆనక పొగగొట్టంలో తెల్లపొగ, ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు నురగ. ఇక ఇంజిన్ సిలిండర్లకు పైమూతలా ఉండే హెడ్డు దించక తప్పదు. దించాక మెకానిక్ అడుగుతాడు: ఉన్నదానికి ఫేసింగ్ చేయిద్దామా, అంటే అడుగు చెక్కి చదును చేయిద్దామా, పాత సామాను కొట్లో వెతుకుదామా, కొత్తది తెప్పిద్దామా?

అందరూ మూడు హెడ్ల ధరలు పోల్చి చూస్తారు. కానీ దించి ఎక్కించే కూలి, గాస్కెట్ సెట్టు, బోల్టులు, ఆయిల్, కూలెంట్ ఖర్చు మూడు దారుల్లోనూ దాదాపు ఒకటే. హెడ్డు నెలకే మొరాయిస్తే ఇదంతా రెండోసారి పెట్టుకోవాలి. మళ్లీ దించే అవసరం ఎక్కడ తక్కువో అదే నా దృష్టిలో చవక.

ఆ లెక్కన ముందు చూడాల్సింది ఉన్న హెడ్డునే. ఏ సిలిండర్‌లోకి నీళ్లు దిగాయో పిస్టన్లే చెబుతాయి. మిగతావి మసితో నల్లగా ఉంటే ఆ ఒక్కటీ ఆవిరితో కడిగినట్టు మెరుస్తుంటుంది. తర్వాత హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు సందును కొలిచే పలుచని రేకు, ఫీలర్ గేజి దూర్చి చూడాలి. చాలా ఇంజిన్లకు ఒప్పుకునే వంపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ లోపే.

వంపు కొద్దిగా ఉండి, పగుళ్లు లేకపోతే ఫేసింగే మేలు. అయితే పగుళ్లు లేవని కంటితో తేల్చకూడదు. నీటిదారులు మూసి, లోపల గాలి నింపి, వేడినీళ్లలో ముంచి బుడగలు వస్తాయేమో చూసే ప్రెషర్ టెస్టు చేయించాకే లేత్ పని. వరస తిరగేస్తే పగిలిన హెడ్డును నునుపు చేసి డబ్బు తగలేసినట్టే.

ఫేసింగ్‌కూ హద్దులున్నాయి. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. ఇనుప బ్లాకుకు బోల్టులతో బిగించి ఉండటంతో అల్యూమినియం హెడ్డు విల్లులా వంగుతుంది. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ హెడ్డులోనే ఉండే ఇంజిన్లలో దాని బేరింగుల వరస కూడా వంకరపోతుంది. అడుగు చెక్కితే అడుగే చదునవుతుంది, పైవంకర అలాగే ఉంటుంది. అందుకే కామ్‌ను దాని గాడిలో పెట్టి, క్యాపులు బిగించి, చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే ఫేసింగ్ ఆలోచన మానుకోవడమే నయం. డీజిల్ హెడ్లలో కొన్నిటిని అసలు చెక్కవద్దనే తయారీదారులు చెబుతారు.

పాత హెడ్డు నాకు చివరి దారి. మన ఎండల్లో, బోరునీళ్లు పోసుకుని తిరిగిన బండి హెడ్డులో నీటిదారుల నిండా ఉప్పు గార ఉంటుంది. అది ఇంతకుముందు ఎంత కాగిందో, ఎన్నిసార్లు చెక్కించారో అమ్మేవాడికే తెలియదు. బాగా కాగిన అల్యూమినియం మెత్తబడి బోల్టు బిగువును నిలపదు. టెస్టుకు ముందు సొమ్ము మొత్తం ఇవ్వనని చెప్పండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

పగులు తేలినా, కామ్ పట్టేసినా, ఇదివరకే చెక్కించిందైనా కొత్త హెడ్డే. ఉత్త హెడ్డు కొని పాత వాల్వులు, కామ్ వాడితే కొంత కలిసి వస్తుంది. బండి విలువలో సగం దీనికే పోతుందంటే మాత్రం బండిని అమ్ముకునే సంగతి చూడాలి.

ఏది ఎంచుకున్నా బిగింపులో తేడా వస్తే అన్నీ వృథా. బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో బిగిస్తానంటే మరో మెకానిక్‌ను వెతుక్కోండి. నడుమ నుంచి అంచులకు, దఫదఫాలుగా బిగించాలి. టార్క్ తర్వాత డిగ్రీల లెక్కన తిప్పే సాగుడు బోల్టులను చాలా ఇంజిన్లలో తిరిగి వాడకూడదు. బ్లాకులోని బోల్టు రంధ్రాలలో ఆయిల్, నీళ్లు మిగిలితే బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు. గాలి కొట్టి ఆరబెట్టించండి. వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి అడ్డురాకుండా కదిలేలా చూసే టైమింగ్ గుర్తులు కలిశాక స్టార్టర్ ముట్టుకోకముందే ఇంజిన్‌ను పానాతో రెండు చుట్లు తిప్పించండి. వాల్వు పిస్టన్‌కు తగిలేదుంటే అక్కడే చేతికి తెలుస్తుంది.