కడప ఎండలో కెనాన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10: బాగా వాడాక రాస్తున్న సమీక్ష

మొదటిసారి మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకునే రకం) కొనబోతున్నామని అడిగేవాళ్లకు నేను మెగాపిక్సెళ్ల గురించి చెప్పను. ముందు వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ, ఉందో లేదో చూసుకోమంటాను. కడపలాంటి ఊళ్లో ఉంటూ, ఆరుబయట ఎక్కువగా ఫోటోలు తీసేవాళ్లకు వేరే ఏ ఫీచరూ దానికి సాటి రాదు.

మా ఇంట్లో రెండు కెమెరాలున్నాయి. నాది కెనాన్ ఆర్50, మా తమ్ముడిది సోనీ జెడ్‌వీ-ఈ10. పేరుకు ఎవరిది వాళ్లదే గానీ పనిని బట్టి మార్చుకుంటూ ఉంటాం. నేను శ్రీమంతాలు, ఓణీల ఫంక్షన్లు, పిల్లల పుట్టినరోజులు తీస్తాను. వాడు మా జిల్లా కోటల మీద, తిండి మీద వీడియోలు చేస్తాడు. ఎండలూ వానలూ పెళ్లిళ్ల సీజన్లూ అన్నీ చూశాక, రెండింటి గుణం బాగా తెలిశాక ఇది రాస్తున్నాను.

కాగితం మీద చూస్తే పెద్ద తేడా కనపడదు. సోనీది 2021 జూలైలో వచ్చింది, కెనాన్‌ది 2023 ఫిబ్రవరిలో. రెండిట్లోనూ ఏపీఎస్-సీ (మధ్య సైజు) సెన్సరే, రెండూ 24.2 మెగాపిక్సెళ్లే. బ్యాటరీ, కార్డుతో కలిపి సోనీ 343 గ్రాములు, కెనాన్ 375 గ్రాములు. కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటు ఇచ్చే లెన్స్) రెండూ లక్ష లోపే దొరుకుతాయి. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) రెండిట్లోనూ లేదు. దుమ్మూ తేమా ఆపే సీలింగ్ కూడా లేదు. కెనాన్‌లో వ్యూఫైండరూ, చిన్న ఫ్లాషూ ఉన్నాయి. సోనీలో ఆ రెండూ లేవు.

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే ఈ తేడా ఏమిటో అర్థమవుతుంది. మార్చి దాటిందంటే పొద్దున తొమ్మిదింటికే బండలు కాలడం మొదలవుతుంది. ఆ వెలుతురులో జెడ్‌వీ-ఈ10 స్క్రీన్ చూస్తే మన ముఖమే కనపడుతుంది. మెనూలో బ్రైట్‌నెస్‌ని ‘సన్నీ వెదర్’కు మార్చితే కొంత మేలు, కానీ బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. మా తమ్ముడు తల మీద తువాలు కప్పుకుని, దాని కిందే స్క్రీన్ చూసుకుంటూ తీస్తాడు. ‘అక్కా, ఫోకస్ పడిందో లేదో తెలీడంల్యా’ అని వాడు అనని ట్రిప్పు లేదు. ఫోకస్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఎండలో స్క్రీన్ చీకటిగా కనపడుతుంది కాబట్టి చెయ్యి దానంతటదే ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి వచ్చే వెలుతురు) పెంచేస్తుంది. ఇంటికొచ్చి చూస్తే ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది, మసీదు మినార్ల అంచులు కరిగిపోయి ఉంటాయి. సోనీ వాడేవాళ్లు ఎండలో కంటిని నమ్మకుండా హిస్టోగ్రామ్ (వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్), జీబ్రా గీతలు ఆన్ చేసి పెట్టుకోవాలి. జీబ్రా ఉంటే ఎక్కడ వెలుగు హద్దు దాటుతోందో అక్కడ చారలు కనపడతాయి. స్క్రీన్ సరిగా కనపడకపోయినా ఆ చారలు కనపడతాయి.

ఆర్50 వ్యూఫైండర్ అంత గొప్పదేమీ కాదు. 23.6 లక్షల చుక్కలది, చూడటానికి చిన్నది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు మూలలు పూర్తిగా కనపడవు. అయినా కంటికి ఆనించగానే ఎండ అనేదే ఉండదు. ఫోకస్ ఎక్కడ పడింది, ముఖం మీద నీడ ఎంతుంది, వెనక రాయి రంగు ఎలా వస్తోంది, అంతా తీయకముందే తెలిసిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కెమెరా నుదుటికి ఆనుకుని ఉంటుంది కాబట్టి చెయ్యి వణకదు. స్టెబిలైజేషన్ లేని బాడీకి అది చాలా అవసరం.

షాపులో ఏసీ కింద చూస్తే ఏ స్క్రీనైనా బాగానే ఉంటుంది. కెమెరాను మధ్యాహ్నం పూట షాపు మెట్ల మీదికి తెచ్చి, రోడ్డు వైపు పెట్టి చూడండి. అలా చూడనివ్వని షాపులో కొనొద్దు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చవక రకాల్లో వ్యూఫైండర్ తీసేయడం ఇప్పుడు కంపెనీలకు అలవాటైపోయింది. 2022లో వచ్చిన నికాన్ జెడ్30లో లేదు. 2024లో వచ్చిన జెడ్‌వీ-ఈ10 రెండో రకంలోనూ లేదు. 2025లో వచ్చిన కెనాన్ ఆర్50 వీలోనూ లేదు. ఆ చివరిది ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. ఆర్50, ఆర్50 వీ ఒకటి కావు. సోనీయే కావాలి, వ్యూఫైండరూ కావాలి అంటే ఆల్ఫా 6400 వైపు చూడాలి.

రంగుల విషయంలో నేను కెనాన్ పక్షమే, దాచను. మంగళస్నానం ఫోటోల్లో పసుపు పూసిన ముఖం, పట్టుచీర జరీ, కుంకుమ, పక్కన దీపం, పైన ఎల్ఈడీ లైటు, ఇన్ని రంగులు ఒక్క ఫ్రేములో ఉంటాయి. ఆర్50 జేపెగ్‌లో (కెమెరాయే సిద్ధం చేసి ఇచ్చే ఫోటోలో) చర్మం రంగు చామనఛాయగా, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫంక్షన్ రాత్రే పది ఫోటోలు వాట్సాప్‌లో పంపమని అడిగేవాళ్లే అందరూ. ఎడిటింగ్ చేయకుండా ఫోన్‌లోకి దింపి పంపగలగడం నాకు చాలా పెద్ద సౌకర్యం. సోనీలో రా ఫైలు (కెమెరా ఇంకా దిద్దని ముడి ఫైలు) తీసి, కూర్చుని సరిచేసుకుంటే అంతే బాగా వస్తుంది, కాకపోతే కూర్చోవాలి. ఎర్ర పట్టుచీర మాత్రం రెండింటికీ కష్టమే. ఎరుపు ఎక్కువై నేతలోని గీతలు పోతాయి. ఎక్స్‌పోజర్‌ను అరమెట్టు తగ్గించి తీస్తే చీర చీరలా ఉంటుంది.

లెన్సుల దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది.

రెండింటి కిట్ లెన్సులూ పగటి పనికే. కెనాన్ 18-45 ఎంఎం, ఎఫ్4.5-6.3. సోనీ 16-50 ఎంఎం, ఎఫ్3.5-5.6. ఎంఎం అంకె తగ్గితే ఫ్రేము వెడల్పు, ఎఫ్ అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ. ఈ అంకెల్లో రెండు విషయాలున్నాయి. మొదటిది వెడల్పు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో కెనాన్ 29 ఎంఎం దగ్గర మొదలైతే, సోనీ 24 దగ్గర మొదలవుతుంది. పాత మిద్దె ఇళ్లల్లో శ్రీమంతం అంటే చిన్న గది, మధ్యలో కుర్చీ, చుట్టూ ముత్తైదువులు. వీపు గోడకు తగిలాక కూడా కెనాన్‌లో చివరి ఇద్దరు ఫ్రేములోకి రారు. అలాంటప్పుడు తమ్ముడి కెమెరానే తీసుకుంటాను.

రెండోది వెలుతురు. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం పగలు కాదు, రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. అలాంటి చోట దూరం నుంచి కెనాన్ కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్6.3కు వచ్చేస్తుంది. ఐఎస్ఓ (చీకట్లో వెలుగు పెంచి చూపే సెట్టింగ్) పైకి పోతుంది, ముఖాల మీద ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. అదే చోట ఎఫ్1.8 లెన్స్ పెడితే దాదాపు పన్నెండు రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఏ కంపెనీ బాడీ అన్నదానికన్నా ఇదే పెద్ద విషయం. నేను ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 తీసుకున్నాను. ముఖాలకు అద్భుతం. కానీ ఈ సెన్సర్ మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది కాబట్టి గదిలో ఒక్క మనిషిని తీయాలన్నా వెనక్కి వెనక్కి పోవాలి.

ఇక్కడే సోనీ గెలుస్తుంది. దాని ఈ-మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే అమరిక) 2010 నుంచి ఉంది. సిగ్మా, టామ్రాన్, విల్ట్రాక్స్ లాంటి వేరే కంపెనీలు దానికి బోలెడు లెన్సులు చేశాయి, సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతాయి. మా తమ్ముడి దగ్గరున్న సిగ్మా 30 ఎంఎం ఎఫ్1.4 చిన్న గదిలో, మసక వెలుతురులో నా 50 కంటే ఎక్కువసార్లు పనికొచ్చింది. కెనాన్ తన ఆర్ఎఫ్ మౌంట్‌కు ఏపీఎస్-సీలో బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులను 2024 దాకా రానివ్వలేదు. సిగ్మా 18-50 ఎఫ్2.8 సోనీకి 2021లోనే వస్తే, కెనాన్‌కు 2024లో వచ్చింది. అప్పటిదాకా ఆర్50 కొన్నవాళ్లలో చాలామంది కిట్ లెన్స్‌తోనే నెట్టుకొచ్చారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చే విషయం ఇదే. అంత మంచి బాడీ చేసి, దానికి తగిన లెన్సులు లేకుండా కొత్తవాళ్లను అంతకాలం ఆపడం సరికాదు. మీ ఇంట్లో పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న పాత రకం) ఉంటే మాత్రం కష్టం తీరినట్టే. ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ పెడితే పాత ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. పాత ఫ్లాష్ ఉంటే షాపులో పెట్టి చూసుకోండి, ఆర్50 మీద ఫ్లాష్ బిగించే షూ కొత్త రకం.

ఫోకస్ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. రెండూ కన్ను పట్టుకుంటే వదలవు. ఉగాదినాడు దేవుని కడప ఆలయం బయట ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలతో వచ్చే జనంలో, ఒక్కరి ముఖాన్ని ఎంచుకుని వెంబడించడం కెనాన్‌లో కాస్త సులువు. వ్యూఫైండర్‌లో చూస్తూనే బొటనవేలితో స్క్రీన్ మీద ఫోకస్ జరపొచ్చు. పిట్టలనూ కుక్కలనూ వాహనాలనూ కూడా గుర్తుపడుతుంది. సోనీ మెనూలను టచ్‌తో నడపలేం, బటన్లే నొక్కాలి.

వీడియోకు వస్తే జెడ్‌వీ-ఈ10 నిజంగా అందుకోసమే చేసిన వస్తువు. మైక్ జాక్, హెడ్‌ఫోన్ జాక్ రెండూ ఉన్నాయి. కెనాన్‌లో హెడ్‌ఫోన్ జాక్ లేదు. రికార్డ్ అయ్యే ధ్వనిని అప్పటికప్పుడు వినకుండా ముహూర్తం వీడియో తీయడమంటే నాకు టెన్షనే. సోనీ పైనున్న మైకే బాగుంటుంది. పెట్టెలో వచ్చే బొచ్చు కవర్ తగిలిస్తే గండికోట గాలిలో కూడా మాట తెలుస్తుంది. ఎర్రకారం దోశ పెనం మీద చుయ్యిమనే శబ్దం మా తమ్ముడి వీడియోల్లో అంత స్పష్టంగా రావడానికి వేరే మైక్ ఏమీ వాడడు. దోశ ముక్కను కెమెరా ముందుకు తెస్తే ఫోకస్ ముఖం వదిలి దాని మీదికి వెళ్లే మోడ్ సోనీలో ఉంది, కెనాన్‌లోనూ అలాంటిదే ఉంది. ఆర్50లో ఒక క్లిప్ గంటకు ఆగిపోతుంది. తలంబ్రాల మధ్యలో ఆగకుండా ముందే ఆపి మళ్లీ మొదలుపెట్టుకోవాలి.

సోనీలో 4కే తీసేవాళ్లు ఒక సెట్టింగ్ తప్పకుండా చూసుకోవాలి. సెకనుకు 30 ఫ్రేములు పెడితే అంచులు కత్తిరించుకుపోయి 1.23 రెట్లు దగ్గరగా కనపడుతుంది. పాల్ పద్ధతిలో (మన దగ్గరి వీడియో పద్ధతి) 25 ఫ్రేములు పెడితే సెన్సర్ వెడల్పంతా వాడుకుంటుంది. 30 కోసం చాలామంది ఎన్‌టీఎస్‌సీకి (అమెరికా పద్ధతి) మార్చుకుంటారు. మార్చిన ప్రతిసారీ కార్డు ఫార్మాట్ చేయమంటుంది, ఫుటేజ్ ముందే దింపుకోవాలి. 25 వాడటానికి ఇంకో కారణం కరెంటు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫంక్షన్ హాలు ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు ఆ లెక్కలోనే మినుకుతుంటాయి. 25 ఫ్రేములు, షటర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) పెడితే తెర మీద చారలు పాకవు. ఆర్50లో 30 అయినా 25 అయినా కత్తిరింపు లేదు, షటర్ మాట మాత్రం దానికీ వర్తిస్తుంది. నడుస్తూ తీస్తే రెండూ ఊగుతాయి. డిజిటల్ స్టెబిలైజేషన్ ఆన్ చేస్తే ఫ్రేము ఇంకా చిన్నదవుతుంది. చిన్న గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పిడి) కొనుక్కోవడం మేలు.

వేసవిలో 4కే అంటే వేడి. చిన్న బాడీలు, లోపల ఫ్యాన్ ఉండదు. సోనీలో ‘ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్’ను హైకి మార్చండి. ఏ కెమెరా అయినా షాట్‌కూ షాట్‌కూ మధ్య గొడుగు నీడలో పెట్టండి, స్క్రీన్‌ను బాడీ నుంచి దూరంగా తెరిచి ఉంచండి. కారు డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం వద్దు.

దుమ్ము మా జిల్లాలో పెద్ద శత్రువు. ఎర్రగుంట్ల వైపు కడప బండల పాలిష్ యూనిట్ల దగ్గర తీస్తే పిండిలాంటి దుమ్ము బటన్ల సందుల్లో కూడా చేరుతుంది. మిర్రర్‌లెస్‌లో అద్దం ఉండదు కాబట్టి లెన్స్ తీసిన క్షణమే సెన్సర్ మీద పడుతుంది. అలాంటి చోట మేం లెన్స్ మార్చం. కారు అద్దాలన్నీ మూసి, కెమెరా ఆఫ్ చేసి, మౌంట్‌ను కిందికి తిప్పి మారుస్తాం. రబ్బరు బ్లోయర్ బ్యాగులో ఉండి తీరాలి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి, అది దుమ్ము కన్నా మొండి మరక.

బ్యాటరీలు రెండిట్లోనూ చిన్నవే. ఫంక్షన్ రోజు అదనపు బ్యాటరీ లేకుండా ఇల్లు కదలొద్దు. సోనీని మామూలు పవర్ బ్యాంకుతో చార్జ్ చేయొచ్చు. కెనాన్‌కు యూఎస్‌బీ పీడీ (పవర్ డెలివరీ) ఉన్న చార్జరే కావాలి, పాత ఫోన్ చార్జర్ పెడితే ఎక్కదు.

నా పని ముప్పాతిక వంతు ఫోటోలే కాబట్టి ఆర్50 నా చేతిలోనే ఉంటుంది. ఇప్పుడు దానికి సిగ్మా 18-50 ఎఫ్2.8 కోసం డబ్బు కూడబెడుతున్నాను. అది వస్తే గదిలో గోడకు ఆనుకోవడం పూర్తిగా తప్పకపోయినా, రాత్రి ఫంక్షన్లలో లెన్స్ మార్చే పని తగ్గుతుంది. మా తమ్ముడు జెడ్‌వీ-ఈ10ని వదలనంటున్నాడు. వీడియోల మీదికి పెట్టే ముఖచిత్రం తీయాల్సినప్పుడు మాత్రం, ముఖ్యంగా మిట్టమధ్యాహ్నం, నా కెమెరా అడిగి తీసుకెళ్తాడు.