నోడ్-రెడ్‌లో అలారమా, గ్రఫానాలోనా: ఏది మేలు?

సెన్సర్ తప్పు అంకె పంపితే ఎవరికో ఒకరికి అనుమానం వస్తుంది. అసలేమీ పంపకపోతే? సెన్సర్ అంకెల మీద అలారం పెట్టడానికి వాడే నోడ్-రెడ్, గ్రఫానా అనే రెండు సాఫ్ట్‌వేర్లనూ నేను ముందుగా అడిగే ప్రశ్న అదే.

నోడ్-రెడ్‌లో ఒక్కో పని చేసే డబ్బాలను (నోడ్‌లను) తెర మీద వైర్లతో కలిపి ఫ్లో అల్లుతాం; సందేశం వస్తేనే ఆ ఫ్లో కదులుతుంది. స్విచ్ నోడ్‌లో 80 డిగ్రీల హద్దు పెట్టి, దాన్ని మెసేజ్ పంపే నోడ్‌కి వైరుతో కలిపితే చాలు, అలారం సిద్ధం. లాజిక్ మొత్తం కళ్లెదుటే ఉంటుంది. కానీ సెన్సర్ వైరు ఊడిపోతే సందేశం రాదు, కాబట్టి అలారమూ మోగదు. అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ట్రిగ్గర్ నోడ్ తప్పనిసరి: ప్రతి సందేశంతో గడువు మళ్లీ మొదలవ్వాలి, 5 నిమిషాలు ఏమీ రాకపోతే అదే కేక వేయాలి.

డేటాను గ్రాఫులుగా చూపించే గ్రఫానా తీరు వేరు. డేటాబేస్‌లో చేరిన డేటాను నిర్ణీత వ్యవధికోసారి తానే వెళ్లి అడుగుతుంది. జవాబు ఖాళీగా వస్తే 'నో డేటా' అని హెచ్చరిస్తుంది. ఇక్కడా ఒక గొయ్యి ఉంది. ఒకే రూల్ (అలారం ఎప్పుడు మోగాలో చెప్పే షరతు) కింద పది సెన్సర్లు పెట్టి, వాటిలో ఒక్కటే ఆగిపోతే, మిగతా తొమ్మిది జవాబిస్తున్నాయి కనుక ఆ హెచ్చరిక రాదు. ఆగిన సెన్సర్ మీద అప్పటికే అలారం ఉంటే, కాసేపటికి అది సమస్య తీరినట్టు మూసుకుపోతుంది కూడా. చివరి రీడింగ్ వచ్చి ఎంతసేపయిందో చూసే రూల్ విడిగా రాసుకోండి.

ఇక మోత. ఉష్ణోగ్రత 79.8, 80.1 మధ్య ఊగుతుంటే ఫోన్ ఆగకుండా మోగుతుంది, మనిషి దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. బ్రిటన్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో 1994 జూలై 24న పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. ఇది సరదా విషయం కాదు. గ్రఫానాలో పెండింగ్ పీరియడ్ 5 నిమిషాలు పెడితే అంతసేపూ హద్దు దాటి ఉంటేనే కబురొస్తుంది. నోడ్-రెడ్‌లో 80 దాటితే 'ఆన్', 76 కంటే తగ్గితే 'ఆఫ్', మధ్య అంకెలు ఎటూ పోకుండా పెట్టి, వెనక, విలువ మారినప్పుడే సందేశాన్ని వదిలే ఫిల్టర్ నోడ్ తగిలించాలి. కష్టమేమీ కాదు, కానీ ప్రతి సెన్సర్ గురించీ గుర్తుపెట్టుకుని చేయాలి.

వెంటనే ఫ్యాన్ వేయడం లాంటి పనికి నోడ్-రెడ్ మేలు. మనిషిని నిద్ర లేపే అలారానికి నా ఓటు గ్రఫానాకే. ప్రాణాపాయం ఉన్న యంత్రాన్ని ఆపే పని మాత్రం రెండింటికీ అప్పగించకండి, దానికి విడిగా సేఫ్టీ సర్క్యూట్ ఉండాలి.

మరి గ్రఫానాయే పడిపోతే? వేరే మెషిన్ మీదున్న నోడ్-రెడ్ నుంచి హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్‌తో నిమిషానికోసారి దాన్ని పలకరించండి. పలక్కపోతే ఆ ఒక్క మెసేజ్ నోడ్-రెడ్ పంపుతుంది.