తార స్థాయిలో ఏది మేలు: నిండు గొంతా, దొంగ గొంతా, శృతి తగ్గించడమా?

సంగీతం నేర్చుకునే మగవాళ్లకు తార స్థాయి, అంటే పై స్థాయి, దగ్గర ఈ ప్రశ్న తప్పదు. ఒకటి శృతిలో (పాశ్చాత్య ‘సి’ స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని) పాడితే తార షడ్జం, అంటే పై ‘స’, దాదాపు 262 హెర్ట్జ్. అక్కడిదాకా ఖంగున పలికిన గొంతు, గాంధార మధ్యమాలకు (గ, మ) వచ్చేసరికి బిగుసుకుంటుంది, లేదంటే చటుక్కున జారి సన్నబడుతుంది. ఆ సన్న గొంతునే దొంగ గొంతు అంటారు.

నిండు గొంతులో స్వరతంత్రులు (గొంతులో కంపించి ధ్వని పుట్టించే మడతలు) మందంగా ఉండి, కంపించిన ప్రతిసారీ గట్టిగా కలుసుకుంటాయి. దొంగ గొంతులో సాగి పలచబడతాయి, ఎక్కువగా అంచులే కంపిస్తాయి, మధ్యలోంచి గాలి జారిపోతుంటుంది. అందుకే పైకి తేలిగ్గా అందుతుంది గానీ బరువుండదు, దమ్ము కూడా త్వరగా అయిపోతుంది.

కచేరీలో రాగాలాపనకు దొంగ గొంతు పనికిరాదనే నేనంటాను. కారణం గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం. తోడి రాగంలో గాంధారాన్నే తీసుకోండి. అది రిషభ మధ్యమాల మధ్య ఊగాలి. ఒకటి శృతిలో, తార స్థాయిలో ఆ ఊపు సుమారు 277 నుంచి 349 హెర్ట్జ్ దాకా సాగుతుంది. చాలామంది మగ గొంతులు మారేది సరిగ్గా ఆ పరిసరాల్లోనే. ఊపులో కింది సగం నిండుగా, పై సగం సన్నగా పలికితే గాంధారం రెండు ముక్కలవుతుంది. ఎంత మంచి మైకున్నా దాన్ని అతకలేదు.

అలాగని అరిచి పట్టుకోవడం ఇంకా చెడ్డది. గడ్డం పైకి లేచి, మెడ నరాలు ఉబ్బుతున్నాయంటే అక్కడికి ఆపేయాలి. అదే అలవాటైతే స్వరతంత్రుల మీద బుడిపెలు లేవచ్చు.

నా ఓటు శృతి తగ్గించడానికే. ఒకటి నుంచి అర మెట్టు దిగితే చాలు, ఆ గాంధారం ఎంతో సుఖంగా వస్తుంది. నష్టం కింద ఉంటుంది: 98 హెర్ట్జ్ దగ్గరున్న మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) 92కి దిగి, కొందరికి ఉత్త గాలిలా వినిపిస్తుంది. తార గాంధారం విరగడం కన్నా అది నయం.

లలిత సంగీతం, సినిమా పాట సంగతి వేరు. మైకు పెదవుల దగ్గరే ఉంటుంది కాబట్టి జోలపాటలో, హమ్మింగ్‌లో దొంగ గొంతు నిజంగా అందాన్నిస్తుంది. మైకుల్లేని రోజుల్లో పద్యం పాడిన రంగస్థల నటులకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. వాళ్ల రాగం చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుల దాకా వెళ్లాలంటే నిండు గొంతే కావాలి.

రెండు గొంతులూ కలవాలంటే పైనుంచి కిందికి సాధన చేయండి. తార పంచమాన్ని సన్నగా ‘ఊ’ అని అందుకుని, ఎక్కడా తెగకుండా మధ్య స్థాయి షడ్జం దాకా మెల్లగా జారండి.