అడిగేవారూ అదే మాత్ర వేసుకునేవారు: అనంతపురంలో ఒక సహాయ కేంద్రం

అనంతపురం పట్టణంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారే నడుపుకుంటున్న సహాయ కేంద్రం ఒకటి ఉంది. ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే చికిత్స) కేంద్రంలో మందులు మొదలుపెట్టినవారు మధ్యలో మానకుండా చూసుకోవడం, పింఛను దరఖాస్తుల వంటి పనులకు తోడు వెళ్లడం, ఆసుపత్రిలోనో పనిచేసే చోటో వివక్ష ఎదురైతే ఫిర్యాదు రాసిపెట్టడం దాని రోజువారీ బాధ్యతలు. వీటితోపాటు తమవారి అనుభవాలను తామే ప్రశ్నపత్రాలతో నమోదు చేసే పరిశోధన పని కూడా అక్కడ జరుగుతోంది. మా చిన్నమ్మకు తోడుగా చాలాకాలం నుంచి అక్కడికి వెళ్తున్నాను కాబట్టి, ఆమె అనుమతితో ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు, వీధి ఇవ్వడం లేదు. వాళ్ల బోర్డు మీదే హెచ్‌ఐవీ అన్న అక్షరాలు లేవు. ఆ జాగ్రత్తను నేను చెడగొట్టదలచుకోలేదు. అవసరమైనవారు ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌ను అడగవచ్చు, లేదా 1097 ఉచిత నంబరుకు ఫోన్ చేసి తమకు దగ్గరలో ఉన్న సేవల గురించి తెలుసుకోవచ్చు.

ఉన్నది మేడ మీద రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, రిజిస్టర్లు పెట్టి తాళం వేసిన ఇనుప బీరువా, మంచినీళ్ల క్యాను. వెనక గది మాట్లాడుకోవడానికి. ఆ గది తలుపుకు గొళ్లెం లోపలివైపు మాత్రమే ఉంది, దాన్ని వేసేదీ తీసేదీ మాట్లాడడానికి వచ్చినవారే. కార్యకర్త తనంతట తాను తలుపు వేయడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మెట్లు మాత్రం ఇరుకు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ల నొప్పులున్నవారికి, టీబీ చికిత్సలో ఉండి నీరసపడినవారికి ఆ మెట్లు ఎక్కడం కష్టం. కబురు చేస్తే కార్యకర్తే కిందికి దిగి వస్తుంది కానీ, వీధిలో నిలబడి మాట్లాడుకునే విషయాలా ఇవి?

మందుల విషయంలో ఇక్కడ అందే తోడ్పాటే ఈ కేంద్రానికి వెళ్లవలసిన మొదటి కారణం. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో సీడీ4 (రోగనిరోధక కణాల) సంఖ్య బాగా పడిపోతేనో, వ్యాధి ముదిరితేనో తప్ప మందు ఇచ్చేవారు కాదు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన వెంటనే మొదలుపెడుతున్నారు. మా చిన్నమ్మ మొదట్లో జిడోవుడిన్ కలిసిన మాత్రలు రోజుకు రెండుసార్లు వేసుకునేది, ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర రోజుకు ఒకటి. మందు సులువైంది, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష కూడా సంవత్సరానికోసారి ఉచితమే. అయినా మాత్ర దాచుకోవలసిన అవసరం పోలేదు. డబ్బాలో ఉన్న 30 మాత్రలు బస్సు కుదుపుకు గలగలమంటాయి. పక్కన కూర్చున్నది సొంత ఊరి మనిషైతే అవి ఏం మాత్రలని అడక్క మానరు. అందుకని చాలామంది మాత్రలను కాగితంలో పొట్లం కట్టుకుని డబ్బాను ఆసుపత్రి దగ్గరే పారేస్తారు, తేమ తగిలితే మందు చెడిపోతుందని తెలిసినా సరే. ఈ సంగతి చెప్పినప్పుడు అక్కడి కార్యకర్త ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. తన సంచిలోంచి తన మందు డబ్బానే తీసింది. దాన్ని చిన్న తువాలులో బిగించి చుట్టి, టిఫిన్ గిన్నెలో ఇరికించి, మూత పెట్టి, మా ముందు సంచిని గట్టిగా ఊపింది. చప్పుడు రాలేదు. మా చిన్నమ్మ ఆ వారమే అలాంటి గిన్నె ఒకటి కొనుక్కుంది.

కళ్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి వైపుల నుంచి పనుల కోసం బెంగళూరుకు పోయే కుటుంబాల విషయంలో కూడా ఈ కేంద్రం పద్ధతి మెచ్చుకోదగినది. వేరుశనగ చేతికి రాని ఏడాది ఇల్లు తాళం వేసి వెళ్లిపోయినవారిని ఆసుపత్రి రికార్డు మందు ఆపేసినవారిగానే చూపిస్తుంది. కేంద్రం మాత్రం ఊరు విడిచే ముందే ఫోన్ చేయమని అందరికీ చెప్పి ఉంచుతుంది. ఎన్నాళ్లకు వెళ్తున్నారో కనుక్కుని, కొద్దినెలలకైతే ఒకేసారి ఎక్కువ మందు ఇవ్వమని ఇక్కడి కౌన్సెలర్‌ను అడుగుతుంది. ఎక్కువ కాలానికైతే బెంగళూరులో ఏ ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ రాయించుకోవాలో చెప్పి, అక్కడి కార్యకర్త ఒకరి నంబరు ఇస్తుంది. పండక్కి తిరిగి వచ్చినప్పుడు వారిని మళ్లీ పలకరించడం కూడా మరచిపోరు.

ఇక పరిశోధన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన ప్రాంతానికి హెచ్‌ఐవీ పరిశోధన కొత్తది కాదు. బత్తలపల్లి ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఆసుపత్రి వైద్యులు విన్సెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవీ కోహార్ట్ (ఒక రోగుల బృందాన్ని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం) పేరుతో ఇక్కడి రోగుల వైద్య సమాచారాన్ని అధ్యయనం చేసి అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు ప్రచురించారు. ఎవరికి వ్యాధి ముదిరాక తెలిసింది, ఎవరు చికిత్సకు దూరమయ్యారు అన్నవి అలాంటి రికార్డుల నుంచి తెలుస్తాయి. ఎందుకు దూరమయ్యారన్నది ఆ మనిషి నోరు విప్పితేనే తెలుస్తుంది. ఆ నోరు విప్పించడం ఎవరివల్ల అవుతుందన్న ప్రశ్నకు ప్రపంచంలో చాలాచోట్ల ఒకే జవాబు వచ్చింది. 2008లో మొదలైన పీపుల్ లివింగ్ విత్ హెచ్‌ఐవీ స్టిగ్మా ఇండెక్స్ అనే, హెచ్‌ఐవీ ఉన్నవారికి ఎదురయ్యే వివక్షను నమోదు చేసే సర్వే పద్ధతిలో, ప్రశ్నలు అడిగేవారు కూడా హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారే అయి ఉండాలన్నది ప్రధాన నియమం. మన కేంద్రం అనుసరిస్తున్నది కూడా ఆ దారినే.

ఆ పద్ధతికి ఎంత బలముందో మా చిన్నమ్మ దగ్గర ప్రశ్నపత్రం నింపిన రోజు అర్థమైంది. నన్ను గదిలో ఉండనిమ్మని ఆమే కోరింది. ముందుగా సమ్మతి పత్రాన్ని చదివి వినిపించారు, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదని, ఎప్పుడైనా ఆపేయవచ్చని, ఆపేసినా కేంద్రం సేవలు ఆగవని చెప్పారు. పత్రం మీద పేరు లేదు, ఒక సంకేత సంఖ్య మాత్రమే. మాత్రలు మానిన రోజులున్నాయా అన్న ప్రశ్న దగ్గర, ఆసుపత్రిలో ఎన్నేళ్లుగానో చెబుతున్న జవాబే చిన్నమ్మ నోట మొదట వచ్చింది: "లేదమ్మా, ఒక్క పూట కూడా ఇడిచిపెట్టలేదు." అడుగుతున్నామె పెన్ను కింద పెట్టి, "నేనైతే మా ఆడబిడ్డ కూతురు పెండ్లిలో బాత్రూములోకి పోయి యేసుకున్యా అక్కా, అందరూ ఒకే హాల్లో పండుకునింటిరి," అంది. కాసేపటికి చిన్నమ్మ తాడిపత్రిలో జరిగిన ఒక గృహప్రవేశం గురించి చెప్పింది. రెండు రోజులు సంచి తెరవడానికి చోటు దొరకలేదట. ఈ మాట నాకూ కొత్తే.

ప్రశ్నపత్రంలో మాత్ర మానినప్పుడు ఎక్కడున్నారు, మాత్ర దగ్గరే ఉందా, వేసుకోవడానికి చాటు దొరికిందా అనే ప్రశ్నలను ఈ కార్యకర్తలే పట్టుబట్టి చేర్పించారని తర్వాత తెలిసింది. మరచిపోవడం వేరు, గుర్తుండీ వేసుకోలేకపోవడం వేరు. మొదటిదానికి ఫోనులో అలారం చాలు, రెండోదానికి అలారం మోగడమే ప్రమాదం. ఈ తేడా పట్టుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు, ఆ మాత్ర వేసుకుంటూ నలుగురిలో బతికిన అనుభవం కావాలి. మందు తీసుకునే రోజునే ప్రశ్నపత్రం నింపాలన్న ఏర్పాటు కూడా వారిదే. దానివల్ల ఎవరికీ రెండో బస్సు ఛార్జీ, రెండో రోజు కూలి నష్టం ఉండవు.

అయితే ఈ దగ్గరితనంలో ఇబ్బంది కూడా ఉంది. చిన్న పట్టణంలో అడిగేవారు తెలిసినవారే అయితే, చెప్పిన సంగతి ఎక్కడికి పోతుందోనన్న బెరుకు కొందరికి మరింత పెరుగుతుంది. ఇది గుర్తించి, కోరినవారికి వేరే మండలానికి చెందిన కార్యకర్తను ఇస్తున్నారు, అది బాగుంది. నాకు తృప్తి కలగని విషయం ఇంకొకటి ఉంది. ప్రశ్నపత్రాలు నింపుతున్నది కేంద్రం గడప తొక్కినవారి దగ్గరే. మందు తెచ్చుకుని ఎవరికంటా పడకుండా వెళ్లిపోయేవారు, పరీక్షే చేయించుకోనివారు అందులో లేరు. వారిని వెతికి పట్టుకోవడం తేలిక కాదని తెలుసు, కానీ ఇక్కడ తేలిన సంగతులను జిల్లా మొత్తానికి వర్తింపజేస్తే అది తప్పుడు లెక్కే అవుతుంది.

వివక్షపై ఫిర్యాదుల విషయంలో కేంద్రం పని చురుకుగా ఉంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, రాతపూర్వక సమ్మతి లేకుండా ఒకరి స్థితిని బయటపెట్టడం, చికిత్సలోనో ఉద్యోగంలోనో వివక్ష చూపడం ఆ చట్టం ప్రకారం కుదరదు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే అధికారి) నిర్ణయం చెప్పాలి. ఇవన్నీ తెలిసిన రోగులు ఎందరు? కొంతకాలం క్రితం ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో చిన్నమ్మకు గర్భసంచి ఆపరేషన్ అవసరమైనప్పుడు, కేస్ షీటు అట్ట మీద ఎర్ర పెన్నుతో హెచ్‌ఐవీ అని అందరికీ కనబడేలా రాసి, సిబ్బంది వేసుకునే రక్షణ కిట్టు ఖర్చు పేరుతో అదనంగా బిల్లు వేశారు. కేంద్రం నుంచి వచ్చిన అన్న ఒకాయన గొంతు పెంచకుండా, చట్టం తెలుగు ప్రతిని బల్ల మీద పెట్టి, ఆ అట్ట మార్చమనీ, అదనపు బిల్లు ఎందుకో కాగితం మీద రాసివ్వమనీ అడిగాడు. అట్ట మారింది. బిల్లు తగ్గింది. కాగితం మాత్రం రాసివ్వలేదు. నేనైతే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లవలసిందే అనుకున్నాను, కానీ చిన్నమ్మ వద్దంది, ఆమె మాటకే కేంద్రం కట్టుబడింది. ఎంతవరకు పోవాలన్నది బాధితురాలు నిర్ణయించుకోవాలి తప్ప, సంస్థకు పేరు రావడం కోసం కేసు నడపకూడదన్న ఆ పద్ధతిని, నాకు కోపం చల్లారకపోయినా, గౌరవిస్తున్నాను.

ఎన్టీఆర్ భరోసా కింద ఏఆర్‌టీ మందులు వాడేవారికి నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. దానికి కావలసిన కాగితాల గురించి ఇక్కడ ఓపికగా చెబుతారు. పింఛను వస్తే వీధిలో అందరికీ తెలిసిపోతుందని వద్దనుకునేవారికి నచ్చజెప్పే ప్రయత్నం చేస్తారు కానీ ఒత్తిడి చేయరు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు, సెక్స్ వర్క్‌లో ఉన్న స్త్రీలకు ఒక పూట ప్రత్యేకంగా కేటాయించారు. ఆ పూట కుర్చీలో కూర్చుని వారి సమస్య వినేది కూడా ఆ సముదాయానికి చెందినవారే. మిగతా రోగులలో కొందరికి ఈ ఏర్పాటు నచ్చలేదన్నది నిజం. హెచ్‌ఐవీ ఉన్నవారి మధ్య కూడా భర్త ద్వారా వచ్చినవారు, ఇంకోలా వచ్చినవారు అంటూ పైమెట్లు కిందిమెట్లు ఉన్నాయి. ఈ కేంద్రం ఆ గుసగుసలకు తలొగ్గకపోవడం దానికి దక్కవలసిన గౌరవాన్ని పెంచుతుంది.

లోపాలలో పెద్దది జీతాలది. 2021లో ఐక్యరాజ్య సమితి సభ్యదేశాలు చేసిన రాజకీయ ప్రకటనలో, 2025 నాటికి పరీక్ష, చికిత్స సేవల్లో 30 శాతం, ఎక్కువ ముప్పున్న వర్గాలకు అందే నివారణ సేవల్లో 80 శాతం సముదాయాలు నడిపే సంస్థల ద్వారా అందాలని రాసుకున్నారు. కాగితం మీద ఇంత పెద్దపీట వేసిన పనికి ఇక్కడి కార్యకర్తలకు ముట్టేది గౌరవ వేతనం, అదీ నిధులిచ్చే సంస్థ నుంచి నెలల తరబడి ఆలస్యంగా. బాగా పనిచేసే అమ్మాయి ఒకామె బట్టల దుకాణంలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. ఆమెను నమ్మి మనసు విప్పినవారు మళ్లీ కొత్తవారి దగ్గర మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది.

రెండో లోపం, నింపిన ప్రశ్నపత్రాలు పైకి వెళ్లాక ఏం తేలిందో జవాబు చెప్పినవారికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మా చిన్నమ్మ రెండుసార్లు అడిగింది. "రిపోర్టు వస్తానే చెప్తామక్కా," అన్నారు. తమవారి దగ్గర తామే సేకరించిన సమాచారం తమకే తిరిగి రాకపోతే, బయటి పరిశోధకుడు వచ్చి రాసుకుపోవడానికీ దీనికీ తేడా ఏముంటుంది? నివేదిక పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. నెలవారీ సమావేశంలో ఒక అరగంట కేటాయించి, పేర్లు లేకుండా, ఇప్పటిదాకా తెలిసినవి చదివి వినిపించవచ్చు. ఈ సూచన రాసి కేంద్రంలోని సలహాల పెట్టెలో వేశాను.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ నివేదిక కోసమే తప్ప మెట్ల కోసమో వేతనాల కోసమో కాదు, ఆ రెండూ వారి చేతిలో లేనివి. మొదటిసారి వెళ్లేవారు ఏఆర్‌టీ పుస్తకం వెంట తీసుకెళ్లండి, ఆధార్ తొలిరోజే అడగరు. మందులిచ్చే రోజుల్లో ఉదయం పూట రద్దీ ఎక్కువ కాబట్టి, తీరికగా మాట్లాడాలనుకుంటే భోజనాల వేళ దాటాక వెళ్లడం మేలు. ఆదివారం సెలవు.