బెజవాడలో ఈత, బావ దగ్గు

జనవరిలో బావకు తోడుగా ఒంగోలు నుంచి బెజవాడ వెళ్లాను. కృష్ణను ఈది దాటే పోటీకి ఆయన పేరిచ్చాడు. వెంట వచ్చే పడవలో నాకూ చోటిచ్చారు.

బస గురించి ముందే చెప్తా. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రమే, వేడినీళ్లూ వచ్చాయి, కానీ రాత్రంతా బస్సుల హారన్లు. తెల్లవారుజామున ఆటో దొరకడానికే అరగంట పట్టింది. మళ్లీ వెళ్తే భవానీపురంలో ఏటి ఒడ్డునున్న టూరిజం గదులు చూస్తాను, అద్దె ఎక్కువైనా సరే.

ప్రకాశం బ్యారేజీ గేట్లు మూసి ఉంటే ఎగువన నీళ్లు చెరువులా నిలుస్తాయి. దుర్గా ఘాట్ నుంచి చూస్తే అవతలి ఒడ్డు చేతికందేటట్టే ఉంటుంది. అదే మోసం. బ్యారేజీ పొడవే కిలోమీటరు పైన.

సగం దూరం పోయాక బావ బారలు వేయడం ఆపి నిలువుగా తేలుతున్నాడు. ఆగి ఆగి దగ్గు. "ఏమైంది బావా?" అంటే "ఊపిరి..." అన్నాడంతే, మాట పూర్తి కాలేదు. పడవలో కుర్రాడు "కంగారు పడ్డారు సార్, కాసేపట్లో సర్దుకుంటుంది" అన్నాడు. పైకి లాగి పడుకోబెట్టారు. ఆయాసం ఇంకా పెరిగింది! బావే పెనుగులాడి లేచి కూర్చున్నాడు, అప్పుడు కాస్త తేలికపడింది. ఛాతీలో గురగుర నాకే వినబడింది. ఉమ్మిన కళ్లెలో లేత ఎర్రటి నురగ. పడవలో లైఫ్ జాకెట్లు బోలెడున్నాయి, ఆక్సిజన్ సిలిండర్ లేదు.

ఆసుపత్రిలో వేలికి క్లిప్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 86 శాతమే చూపించింది. ఆక్సిజన్ పెట్టి, ఎక్స్‌రే చూశాక డాక్టరమ్మ అన్నారు, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు ఏట్లో మింగింది కాదు, ఒంట్లోదేనని. నీళ్లలో ఉన్నప్పుడు కాళ్లు చేతుల్లోని రక్తం ఛాతీవైపు తోసుకొస్తుంది. దానికి ఈత శ్రమ తోడైతే ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, గాలి గదుల్లోకి నీరు ఊరుతుంది. చల్లటి నీళ్లు, బిగుతైన ఈత దుస్తులు, బీపీ ఉంటే ముప్పు ఎక్కువ. బావకు బీపీ ఉంది. పైగా డీహైడ్రేషన్ భయంతో పొద్దున్నే రెండు లీటర్లు తాగేశాడు.

తర్వాత చదివితే తెలిసింది. ఇజ్రాయెల్‌లో ఈత శిక్షణలో ఎనిమిది మంది యువకులకు ఇలాగే అయిందని 1995లో అక్కడి డాక్టర్లు రాశారు. నీళ్లు 23 డిగ్రీలు, ముందు ఒక్కొక్కరూ దాదాపు ఐదు లీటర్లు తాగారట. కృష్ణ నీళ్లు చల్లగా లేవుగా అనుకున్న నాకు అక్కడ గొంతులో వెలక్కాయ పడింది.

కంగారైతే ఆగి నిదానంగా ఊపిరి తీసుకుంటే తగ్గుతుంది. ఆగినా తగ్గని ఆయాసం, దగ్గు, గురగుర ఉంటే ఈత అక్కడితో సరి. ఒడ్డుకు చేర్చి కూర్చోబెట్టాలి, ఆక్సిజన్ ఇవ్వాలి, 108కి ఫోన్ చేయాలి. ఇక ఏ పోటీకి వెళ్లినా ఫీజు కట్టేముందు నేనడిగేది టీషర్టు, మెడల్ సంగతి కాదు, పడవలో సిలిండర్ ఉందా అని.

మర్నాటికే బావ లేచి తిరిగాడు. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాం. ఆ ఊళ్లో దిగితే అది మాత్రం వదలకండి. ఇలా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఒకసారి వస్తే మళ్లీ రావచ్చు, గుండెకు ఎకో స్కాన్ తీయించకుండా నీళ్లలో దిగొద్దన్నారు డాక్టరమ్మ. ఆ మాట విన్న మా అక్క ఈత కళ్లద్దాలు బీరువాలో పెట్టి తాళం వేసింది.